సర్ఫ్‌బోర్డు తోక: పేరు తర్వాత, ముందు వెడల్పు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సర్ఫ్‌బోర్డు వెనక కొసను ఎలా గీయాలి, ఎలా కోయాలి అన్నవే. దాదాపు అందరూ ఆకారం పేరుతోనే మొదలుపెట్టారు. జవాబులు మాత్రం తరచూ కొలతల దగ్గరికే వచ్చి ఆగాయి. వేరే చెప్పని చోటల్లా కొలతలు అంగుళాల్లోనే.

ప్రశ్న: స్క్వాష్ (అడ్డంగా కోసి మూలలు గుండ్రం చేసినది), రౌండ్, పిన్ (సన్నగా మొనదేలినది), స్వాలో (మధ్యలో చీలిక, రెండు మొనలు ఉన్నది), డైమండ్ అంటూ ఇన్ని తోకలున్నాయి. నీటిలో వీటి మధ్య నిజంగా తేడా ఎంత? మొదటి బోర్డు తయారు చేసుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కొస దగ్గర కాదు, కొస నుంచి 12 అంగుళాలు ముందుకు జరిగి మొదలుపెట్టండి. అక్కడ బోర్డు వెడల్పు ఎంత, అక్కణ్ణుంచి కొస దాకా అంచు గీత ఎంత వంపు తిరుగుతుంది అన్న రెండూ తేలాకే పేరు సంగతి. వెడల్పూ వంపూ ఒకటే ఉంచి ఒక బోర్డుకు స్క్వాష్, ఇంకో బోర్డుకు రౌండ్ పెడితే తేడా తెలుస్తుంది. కానీ వెడల్పు ఒక్క అంగుళం మారిస్తే వచ్చే తేడా ముందు అది చిన్నది.

బోర్డు నీటిని కిందికి నొక్కుతూ తాను పైకి లేచి జారుతుంది. వెనక విస్తీర్ణం ఎక్కువుంటే తక్కువ వేగంలోనే లేస్తుంది కాబట్టి నీరసపు అలల్లో వెడల్పు తోక కావాలి. అయితే ఆ లేపే బలం వేగంతో పాటు గబగబా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం సుమారు నాలుగింతలు. అప్పుడు వెడల్పు తోకను పక్కకు ఒరిగించి అంచును నీటిలోకి దింపడానికి కాలి బరువు చాలదు, తోక పట్టు తప్పి పక్కకు జారుతుంది. సన్నని తోక నెమ్మది అలల్లో కుంగుతుంది గానీ వేగంలో నీటిని కరుచుకుని ఉంటుంది.

వంపు సంగతి కూడా అంతే ముఖ్యం. వెనక భాగంలో అంచు గీత తిన్నగా ఉంటే బోర్డు నేరుగా, వేగంగా పోతుంది, మలుపు పెద్దగా తిరుగుతుంది. గీత గుండ్రంగా ఉంటే చిన్న జాగాలో మలుపు తిరుగుతుంది, కానీ తిన్నటి పరుగులో కొంత వేగం పోతుంది.

ఇప్పుడు కొస. గుండ్రటి అంచున్న గ్లాసులోంచి నీళ్లు నెమ్మదిగా వంపితే ధార గ్లాసు పక్కనే అంటుకుని కిందికి కారుతుంది. పదునైన అంచున్న పాత్రలోంచి వంపితే తెగి పడుతుంది. తోక దగ్గర జరిగేదీ ఇదే. రౌండ్, పిన్ తోకల గుండ్రటి గీత చుట్టూ నీరు అంటుకుని తిరుగుతుంది, అందుకే పట్టు ఎక్కువ, మలుపు మృదువు. స్క్వాష్, స్వాలో మూలల దగ్గర నీరు తెగి విడిపోతుంది, అందుకే మలుపులో తోక చటుక్కున వదులుతుంది, దిశ మార్చడం తేలిక.

12 అంగుళాల దగ్గర వెడల్పుకు ఒక అంచనా: ఫిష్ అనే పొట్టి, వెడల్పాటి బోర్డుకు 16 నుంచి 17, చిన్న అలల బోర్డుకు 15 చుట్టుపక్కల, రోజువారీ షార్ట్‌బోర్డుకు 14¼ నుంచి 14¾, కాస్త పెద్ద అలల బోర్డుకు 13½ నుంచి 14, చాలా పెద్ద అలల గన్‌కు 12 దగ్గర. మొదటి బోర్డు అంటున్నారు కనుక 14½ దగ్గర స్క్వాష్ పెట్టుకోండి. గీయడం సులువు, కోయడం సులువు, తప్పు జరిగినా సర్దుకోవడానికి చోటుంటుంది.

ప్రశ్న: నా బరువు 72 కిలోలు. 6 అడుగుల రౌండెడ్ పిన్ (రౌండ్‌కూ పిన్‌కూ మధ్య రకం తోక) బోర్డు, 12 దగ్గర తోక వెడల్పు 13¾. ఛాతీ ఎత్తు మించని, బలం లేని అలల్లో మలుపు తర్వాత బోర్డు కుంగి ఆగిపోతోంది. స్వాలో తోకకు మారితే పోతుందా?

జవాబు: స్వాలో వల్ల పోదు, వెడల్పు వల్ల పోతుంది. కొత్త బోర్డులో 12 దగ్గర 14¾ నుంచి 15 పెట్టండి. తోక రాకర్, అంటే బోర్డు మధ్యలో ఆనించిన తిన్నటి బద్దకూ తోక కొసకూ మధ్య ఎడం, 2½ ఉంటే 2¼కి తగ్గించండి. మలుపు తర్వాత ఆగిపోవడానికి సన్నదనం ఒక కారణమైతే, ఎక్కువ రాకర్ ఇంకో కారణం. పైకి లేచిన తోక నీటిని వెనక్కి లాగుతుంది, నీరసపు అలకు ఆ లాగుడును మించే బలం ఉండదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తోకను వెడల్పు చేస్తూ మందం కూడా అలాగే ఉంచేస్తారు, లేదా పెంచేస్తారు. వెడల్పు, మందం రెండూ కలిస్తే తోక నీటిపై బెండులా తేలుతుంది, ఎంత తొక్కినా అంచు దిగదు. వెడల్పు ఒక అంగుళం పెంచినప్పుడు 12 దగ్గర మందాన్ని 1½ లోపు ఉంచండి.

పాదం పొడవు కూడా చూసుకోవాలి. తోకను ఒరిగించాలంటే బరువు మధ్య గీతకు దూరంగా పడాలి. పాదం చిన్నదైనవారికి 15 దాటిన తోక బిగుసుకుపోయినట్టు తోస్తుంది. మీది చిన్న పాదమైతే 14¾ దగ్గర ఆగి, ముందు ఫిన్లకు, అంటే బోర్డు అడుగున నిలబెట్టే రెక్కలకు, కాస్త ముందు అంచులో పావు అంగుళం మెట్టు, అంటే వింగ్, తీయండి. వింగ్‌కు ముందు వెడల్పు అలాగే ఉంటుంది, దాని వెనక తోక సన్నబడుతుంది. 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగు ప్రపంచ టైటిళ్లు గెలిచిన మార్క్ రిచర్డ్స్ రెండు ఫిన్ల బోర్డుల్లో స్వాలో తోకతో పాటు ఈ వింగ్‌లు కూడా ఉండేవి. ఆ వెడల్పును అదుపులో పెట్టడానికి అవసరమైనవే అవి.

ప్రశ్న: తోక గీత రెండు వైపులా ఒకేలా రావడం లేదు. కోశాక ఒక మూల పెద్దగా, ఒకటి చిన్నగా తేలుతోంది. సరైన పద్ధతి చెప్పండి.

జవాబు: సగం బోర్డుకు మాత్రమే టెంప్లేట్ చేసి, దాన్నే తిప్పి రెండో వైపు వాడాలి. రెండు వైపులా విడివిడిగా గీస్తే ఎప్పటికీ కలవవు.

3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు షీట్ తీసుకోండి. దాని తిన్నటి అంచే మీ మధ్య గీత. కొస నుంచి 24, 18, 12, 6, 3, 0 అంగుళాల దగ్గర మూలమట్టంతో అడ్డగీతలు గీసి సగం వెడల్పులు గుర్తు పెట్టండి. ఇవి మిల్లీమీటర్లలో అయితే భిన్నాల గొడవ ఉండదు. 6 అడుగుల పొడవు, 19 వెడల్పు ఉన్న బోర్డుకు పనికొచ్చే ఒక స్క్వాష్ తోక ఇది: 24 దగ్గర 231, 18 దగ్గర 215, 12 దగ్గర 184, 6 దగ్గర 132, 3 దగ్గర 99, కొసన 62. అంటే 12 దగ్గర పూర్తి వెడల్పు 14½, కొస అడ్డం 5కు కాస్త తక్కువ.

ఈ గుర్తుల మీదుగా సన్నని, ముడులు లేని చెక్కబద్దను వంచి ఆనించి గీత గీయండి. బద్ద ఏదో ఒక గుర్తును తాకకపోతే గుర్తునే అనుమానించండి, బద్దను బలవంతంగా వంచవద్దు. గీసిన గీతను కొసవైపు నుంచి కన్ను దగ్గరగా పెట్టి, పొడవునా చూడండి. పైనుంచి కనబడని గడ్డలు, చదునులు ఆ చూపులో బయటపడతాయి. టెంప్లేట్‌ను గీత వరకూ శాండింగ్ బ్లాక్‌తో నునుపు చేశాకే ఫోమ్ మీద పెట్టాలి. టెంప్లేట్‌లో ఉన్న గడ్డ ప్రతి బోర్డులోనూ వస్తుంది.

ఫోమ్ బ్లాంక్ (బోర్డుగా చెక్కబోయే ఫోమ్ దిమ్మె) అడుగు వైపు స్ట్రింగర్, అంటే నడుమ పొడవునా ఉండే చెక్కబద్ద, మధ్యలో సన్నని గీత గీసి, టెంప్లేట్ అంచును దానికి ఆనించండి. స్ట్రింగర్ అంచుకు ఆనిస్తే దాని మందంలో సగం ఒక వైపుకు కలిసి వెడల్పు తేడా వస్తుంది. మీ మూలలు పెద్దా చిన్నా కావడానికి చాలావరకు కారణం ఇదే అయివుంటుంది. రెండో కారణం రంపం వాలడం. గీతకు 3 మిల్లీమీటర్లు బయట కోయండి, రంపం నిట్టనిలువుగా ఉందో లేదో ప్రతి రెండు జానల దూరానికీ మూలమట్టంతో చూడండి. రంపం వాలితే అడుగు వైపు గీత సరిగ్గానే ఉండి పై వైపు తోక వేరే ఆకారంలో వస్తుంది. మిగిలిన 3 మిల్లీమీటర్లూ పొడవాటి శాండింగ్ బ్లాక్‌తో, ముందు నుంచి వెనక్కి ఒకే దిశలో అరగదీయాలి. చిన్న బ్లాక్ వాడితే అంచు అలలు తిరుగుతుంది. కొసన అడ్డంగా కోసే కోత మాత్రం చివర్లో పెట్టుకోండి. ఆ మూలలను అర అంగుళం వ్యాసార్థంతో గుండ్రం చేస్తే అది స్క్వాష్, చేయకపోతే స్క్వేర్.

ఈ పని మొత్తం మాస్క్ కట్టుకునే చేయండి. ఫోమ్ ధూళి ఊపిరితిత్తులకు చెడు చేస్తుంది.

ప్రశ్న: స్వాలో తోక చేశాను. చీలిక లోతు 4 అంగుళాలు. మూడు ఫిన్లు పెట్టాను. చీలిక మూలలో పగులు వచ్చి నీరు పడుతోంది, ఒక మొన కూడా విరిగింది. ఎక్కడ తప్పింది?

జవాబు: మూడు చోట్ల తప్పింది, అందులో మొదటిది గీతలోనే.

మూడు ఫిన్ల బోర్డులో వెనక ఫిన్ చివర సాధారణంగా తోక కొస నుంచి 3½ దగ్గర ఉంటుంది. స్వాలోలో కొస అంటే రెండు మొనలను కలుపుతూ గీసిన గీత. 4 అంగుళాల చీలిక పెడితే 3½ దగ్గర ఫోమే లేదు, కాబట్టి మీరు ఫిన్‌ను ముందుకు జరిపి చీలిక అంచునే ఇరికించి ఉంటారు. ఫిన్ మీద పడే ప్రతి తాకిడీ నేరుగా ఆ మూలకే చేరుతుంది, అక్కడే పగులుతుంది. నడి ఫిన్ కావాలంటే చీలిక 2 నుంచి 2½ దాటకూడదు, ఫిన్‌కూ చీలికకూ మధ్య కనీసం ఒక అంగుళం గట్టి చోటు ఉండాలి. లోతైన చీలికే కావాలంటే రెండు ఫిన్లు గానీ నాలుగు గానీ పెట్టండి. స్టీవ్ లిస్ 1967లో శాన్‌డియాగోలో చేసిన తొలి ఫిష్‌ది లోతైన చీలిక, దానికి అడుగున రెండే ఫిన్లు. నడి ఫిన్ లేకపోవడం వల్లే అంత చీలిక వీలవుతుంది.

చీలిక దేనికో కూడా తెలిసి ఉంటే లోతు మీద ఆశ తగ్గుతుంది. మొనల మధ్య 7½, లోతు 2½ అయితే మధ్యలోంచి తొమ్మిది చదరపు అంగుళాల పైన విస్తీర్ణం పోతుంది. అంటే అంచు గీతను తిన్నగా, వెడల్పుగా ఉంచుకుంటూనే తోక పైకి తేలే గుణాన్ని కాస్త తగ్గించుకుంటున్నాం. ఒరిగినప్పుడు నీటిలో ఉన్న మొన ఒక చిన్న పిన్ తోకలా పట్టుకుంటుంది. ఆ పనికి 2½ చాలు.

రెండో తప్పు మూల ఆకారం. రెండు రంపపు కోతలు కలిసే చోట పదునైన సందు వదిలితే గ్లాస్ క్లాత్ (రెసిన్‌తో తడిపి ఫోమ్ మీద అంటించే గాజు పోగుల గుడ్డ) అందులో కూర్చోదు, కింద గాలి మిగులుతుంది. సందును పావు అంగుళం వ్యాసార్థంతో గుండ్రం చేయండి. క్లాత్ పరిచాక మధ్యలో కత్తిరింపు పెట్టి, మూలకు అర అంగుళం ముందే ఆపి, రెండు రెక్కలనూ చెరో వైపుకు తిప్పండి. ఆ కత్తిరింపు ఆగిన చోట మూల బోసిగా ఉంటుంది. అక్కడ నేత 45 డిగ్రీల ఏటవాలుగా ఉండేలా కత్తిరించిన చిన్న ముక్కలు రెండు వేయాలి. ఏటవాలు ముక్క సాగి వంపులో ఒదుగుతుంది, నేరుగా కత్తిరించినది లేచిపోతుంది. స్ట్రింగర్ చెక్క చివర బయటపడేది సరిగ్గా ఈ మూలలోనే. ముందుగా దానికి పలచగా రెసిన్ రాయకపోతే చెక్క నీటిని పీల్చుకుంటుంది.

మొన సంగతి: సూదిలా తేల్చకండి. 8 నుంచి 10 మిల్లీమీటర్లు మొద్దుగా ఉంచి, చుట్టూ మాస్కింగ్ టేప్‌తో గోడ కట్టి, తరిగిన గ్లాస్ పోగులు కలిపిన రెసిన్ నింపండి. గట్టిపడ్డాక అరగదీస్తే మొన మొత్తం రెసిన్‌దే అవుతుంది, నేలకు తగిలినా ఫోమ్ బయటపడదు.

ఇప్పుడున్న బోర్డును బాగు చేసే ముందు మొనలు కిందికి ఉండేలా నిలబెట్టి, నీరు కారడం ఆగే వరకు రోజుల తరబడి ఆరనివ్వండి. తడి ఫోమ్ మీద వేసిన రెసిన్ అంటుకోదు.

ప్రశ్న: పాత 6 అడుగుల 2 అంగుళాల రౌండెడ్ పిన్ ఉంది. వెనక 2 అంగుళాలు కోసేస్తే 6 అడుగుల స్క్వాష్ అవుతుంది కదా?

జవాబు: చూడ్డానికి అవుతుంది, స్వభావంలో పూర్తిగా వేరే బోర్డు అవుతుంది. తోక కొస 2 అంగుళాలు ముందుకు వచ్చింది కనుక ఇప్పుడు 12 దగ్గర కొలిచేది నిన్నటి 14 దగ్గరి వెడల్పు. ఆ భాగంలో అంచు ఒక్కో వైపు అంగుళానికి పావు అంగుళం చొప్పున విచ్చుకుంటుంటే, వెడల్పు ఒక్కసారిగా ఒక అంగుళం పెరిగినట్టే. 14 ఉన్నది 15 అవుతుంది. రాకర్ ఎక్కువగా ఉండేది చివరి అంగుళాల్లోనే కాబట్టి ఆ వంపులో పావు అంగుళం దాకా పోతుంది. ఫిన్లు కదలలేదు గానీ, 3½ దగ్గరున్న వెనక ఫిన్ ఇప్పుడు 1½ దగ్గర ఉంది. తోకకు అంత దగ్గరైతే బోర్డు తిన్నగా దూసుకుపోతుంది, మలుపుకు మొండికేస్తుంది.

ఫిన్లను కూడా తీసి మళ్లీ పెట్టే ఓపిక ఉంటేనే ఈ పనికి దిగండి. స్క్వాష్‌కు వెనక ఫిన్ చివర 3½, ముందు ఫిన్ల చివర 11, అంచు నుంచి 1¼ దూరం మంచి ప్రారంభం. కోత అంచు నుంచి 3 అంగుళాల మేర పాత గ్లాస్‌ను గరుకు చేసి, కొత్త క్లాత్ దాని మీదకు ఎక్కేలా వేయాలి. బ్లాంక్ ఈపీఎస్ (థర్మోకోల్ రకం ఫోమ్) అయితే ఎపాక్సీ రెసిన్ తప్ప వేరేది తాకించకండి. పాలియెస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ ఆ ఫోమ్‌ను కరిగించేస్తుంది.

ప్రశ్న: పెద్ద అలలకు పిన్ తోకే ఎందుకు?

జవాబు: పెద్ద అలలో వేగం అల ఇస్తుంది. తోక చేయాల్సింది పట్టుకోవడమే. 1937లో హొనొలులులో జాన్ కెల్లీ, ఫ్రాన్ హీత్, వాలీ ఫ్రోయిసెత్‌లకు ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే. వాళ్ల చెక్క బోర్డులకు వెడల్పు తోకలు, అడుగున ఫిన్ లేదు. నిటారు అలలో తోక పక్కకు జారిపోయేది. గొడ్డలితో తోక అంచులు చెక్కి సన్నగా చేశారు, అడుగు భాగాన్ని గుండ్రంగా తీశారు. బోర్డు అల గోడను పట్టుకుంది. వాటికి హాట్ కర్ల్ అని పేరొచ్చింది. ఆ తర్వాత వచ్చిన గన్ బోర్డులు ఆ దారిలోనివే.

మీ బోర్డు తల ఎత్తు అలలు దాటనప్పుడు మాత్రం పిన్ వద్దు. రౌండ్ తోక చాలు.

ప్రశ్న: డైమండ్ తోక వల్ల ప్రత్యేక లాభం ఏదైనా ఉందా?

జవాబు: స్క్వాష్ మూలలను ఏటవాలుగా కోసేసినదే డైమండ్. మధ్య కొస వెనక్కే ఉంటుంది కనుక ఫిన్‌కు చోటు తగ్గదు, అంచు పొడవు మాత్రం తగ్గుతుంది. దాంతో మలుపు కాస్త పొట్టిదవుతుంది. స్వభావం స్క్వాష్‌కూ రౌండ్‌కూ మధ్యలో. ఎంచుకోవడానికి చూపు అందం కూడా సరైన కారణమే.

ప్రశ్న: కొలతలన్నీ సరిపోయాయి. అయినా తోక నీటిని ఈడ్చుకుపోతున్నట్టుంది, విడవడం లేదు. ఎందుకని?

జవాబు: అడుగు అంచు వేలితో తడిమి చూడండి. నునుపుగా, గుండ్రంగా తగిలితే జబ్బు అక్కడే. తోక చివరి 12 నుంచి 16 అంగుళాల్లో అడుగూ పక్కా కలిసే గీత పదునుగా ఉండాలి, అక్కణ్ణుంచి ముందుకు క్రమంగా మెత్తబడాలి. ఫోమ్‌లో ఎంత పదునుగా తీసినా క్లాత్ ఆ మూల మీదుగా తిరిగేటప్పుడు గుండ్రమవుతుంది. శాండింగ్‌లో ఇంకాస్త పోతుంది. అందుకే ఆ పదును రెసిన్‌తో కట్టాలి.

బోర్డును బోర్లించి, తోక చుట్టూ పక్క అంచుకు మాస్కింగ్ టేప్ అంటించండి. టేప్ అడుగు మట్టం కన్నా 3 మిల్లీమీటర్లు పైకి నిలబడాలి. ఫిల్ కోట్, అంటే క్లాత్ నేతను నింపే రెసిన్ పూత, వేసేటప్పుడు రెసిన్‌ను ఆ గోడ దాకా బ్రష్‌తో తీసుకెళ్లండి, అది గోడకు ఆని నిండుతుంది. రెసిన్ జెల్లీలా బిగుసుకోగానే టేప్ లాగేయాలి. పూర్తిగా గట్టిపడనిస్తే టేప్ ముక్కలుగా లోపలే ఉండిపోతుంది. గట్టిపడ్డాక అడుగు వైపు గట్టి బ్లాక్‌తో చదునుగా, పక్క వైపు విడిగా అరగదీయండి. మెత్తని ప్యాడ్ వాడితే కట్టిన మూల మళ్లీ గుండ్రమైపోతుంది. క్లాత్ నేత కనబడటం మొదలైతే వెంటనే ఆగండి. అక్కడ ఇంకా అరగదీస్తే బలం పోతుంది, ఇంకో పూత రెసిన్ వేసి మళ్లీ మొదలుపెట్టడమే.

ప్రశ్న: రెండు వైపులా వేర్వేరు తోక ఉన్న బోర్డులు చూశాను. అది పొరపాటా, కావాలని చేసిందా?

జవాబు: కావాలని చేసిందే. కార్ల్ ఎక్‌స్ట్రమ్ 1960ల్లోనే ఇలాంటివి చేశారు. బోర్డు మీద మనం పక్కకు తిరిగి నిలబడతాం. కాలివేళ్ల వైపు ఒరగడానికి చీలమండ, మోకాలు రెండూ సాయపడతాయి. మడమ వైపు ఒరగడం కష్టం. కాబట్టి వేళ్ల వైపు అంచు పొడవుగా, తిన్నగా ఉంచి, మడమ వైపు అంచును పొట్టిగా, ఎక్కువ వంపుతో గీస్తారు.

మొదటిసారి ప్రయత్నిస్తే మడమ వైపు కొసను 1 నుంచి 1½ అంగుళాలు మాత్రమే తగ్గించండి. టెంప్లేట్‌లు రెండు కావాలి, 24 అంగుళాల నుంచి ముందుకు రెండూ ఒకటే గీత. ఎడమ కాలు ముందు పెట్టేవారి మడమలు బోర్డు ఎడమ అంచు వైపు, కుడి కాలు ముందు పెట్టేవారివి కుడి అంచు వైపు ఉంటాయి. అడుగు వైపు గీసేటప్పుడు బోర్డు తిరగబడి ఉంటుంది కనుక ఎడమ కుడి మారిపోతాయి. టెంప్లేట్‌ల మీద ‘మడమ’, ‘వేళ్లు’ అని పెద్ద అక్షరాలతో రాసి, కోసే ముందు ఒకసారి బ్లాంక్‌ను తిప్పి దాని పక్కన నిలబడి చూసుకోండి.